మేస్త్రి నంబరు మీద నలభై మంది

ఉద్యోగంలో చివరి కొన్నేళ్లు రోజూ పొద్దున్నే ఫోనుకు ముఖం చూపించాను. మా హాజరు అలాగే పడేది. తల దువ్వుకుని, కళ్ళజోడు తీసి, వెలుతురు ముఖాన పడేలా సబ్‌సెంటరు గుమ్మంలో నిలబడితే ఫోను నన్ను గుర్తుపట్టి ఆకుపచ్చ టిక్కు పెట్టేది. రిటైరై నరసరావుపేటలో మా చెల్లెలి ఇంటి పక్క వాటాలోకి వచ్చాక కూడా చాలా రోజులు అదే వేళకు తల దువ్వుకుని, కళ్ళజోడు తీసి గుమ్మంలో నిలబడేదాన్ని. ఎవరికి చూపించాలో తెలిసేది కాదు.

నా పేరు సలోమి. ఏఎన్ఎంగా చేరి, ఆరోగ్య సూపర్‌వైజరుగా దిగిపోయాను. నా సర్వీసంతా గురజాల చుట్టుపక్కలే గడిచింది. ఏ ఏడు ఏ మెట్టు ఎక్కానో ఇక్కడ రాయను. అది సర్వీసు పుస్తకంలో ఉంది, అక్కడ కూడా ఎవరూ చదవరు. నా దగ్గర పనిచేసిన నాగమణి అనే ఏఎన్ఎం ఈమధ్య వచ్చి, కొత్తగా చేరే పిల్లలకు ఏమైనా రాసివ్వమని అడిగింది. ట్రెయినింగులో ఏ గడి ఎక్కడ నొక్కాలో చెప్తారట, ఆ గడిలో వేయాల్సింది మనిషి నోట్లోంచి ఎలా తెచ్చుకోవాలో చెప్పరట. అది నిజమే. అందుకే రాస్తున్నాను.

పేర్లు మార్చాను. తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి కానీ ఇక్కడ వేయడం లేదు. తేదీ, ఊరు ఒకచోట చేరిస్తే మనిషిని పట్టుకోవడం మా వైపు ఏమంత కష్టం కాదు.

తేదీ అడిగే పద్ధతి

గర్భిణిని నమోదు చేసేటప్పుడు ట్యాబు మొదట అడిగేది ఆఖరి బహిష్టు తేదీ. దాన్నిబట్టే కానుపు తేదీ లెక్కకడుతుంది. మనం వేసిన తేదీ తప్పయితే ట్యాబు చేసే మిగతా లెక్కంతా సరిగ్గా తప్పుతుంది.

మా వైపు ఆడవాళ్ళు తేదీ చెప్పరు. "ఎప్పుడు తలకు పోసుకున్నావమ్మా" అంటే "పత్తి రెండో తీతప్పుడు" అంటారు. "కోటప్పకొండ తిరునాళ్ళకు మావోళ్ళు ప్రభ కడతన్నప్పుడు" అంటారు. ఇంకొకామె, వాళ్ళ గేదె ఈనిన మర్నాడు అంది. నేను వాళ్ళ గోడమీది క్యాలెండరు దించి, ఒళ్ళో పెట్టుకుని, గేదె ఈనిన రోజు సంతరోజా కాదా, ఆ రోజు ఇంట్లో ఎవరున్నారు అని ఒక్కొక్కటే అడిగి తేదీ మీద వేలు పెట్టేదాన్ని. సలోమమ్మ వస్తే క్యాలెండరు దించాల్సిందేనని వెక్కిరించేవాళ్ళు.

దానికి ముందు ఇంకొకటుంది. మూడో నెల నిండేదాకా కడుపు మాట బయట పెట్టరు. అత్తగారు వసారాలో మిరపకాయల తొడిమలు తీస్తుంటే కోడలు ఏమీ చెప్పదు. మనం వెళ్ళి కూర్చోవాలి. మిరప ధర అడగాలి. గేదె పాలిస్తోందా అని అడగాలి. వాళ్ళిచ్చిన మజ్జిగ తాగాలి. అత్తగారు లోపలికి వెళ్ళినప్పుడు కోడలి ముఖం చూడాలి. ఇప్పటి పిల్లలకు ఒక్కో ఇంటికి అంత వ్యవధి లేదని తెలుసు. లేదనే బాధ. ఆ మజ్జిగ ఇప్పుడు నాకు ఎవరూ ఇవ్వరు. చెల్లెలి ఇంట్లో ఫ్రిజ్‌లో ఉంటుంది, నేనే తీసుకోవాలి.

ఊరంతా ఒకటే బీపీ

ట్యాబులు ఇచ్చిన కొత్తలో మా వాళ్ళందరూ గొడవ పెట్టారు. నేను పెట్టలేదు. నెలాఖరుకు రిజిస్టర్లన్నీ ముందేసుకుని నిలువుగా, అడ్డంగా కూడి, రెండూ కలవక మళ్ళీ మొదటి నుంచి కూడిన చేతులు నావి. ట్యాబు కూడికలో తప్పు చేయదు. ఎవరికి ఏ టీకా బాకీ ఉందో అడక్కుండానే చెప్తుంది. ఎండలో అన్ని పుస్తకాలు మోసుకు తిరిగినవాళ్ళకే దాని విలువ తెలుసు. అయితే కూడేది నిజమా కాదా అన్నది దానికి పట్టదు. అది మనకు పట్టాలి.

ఒక సబ్‌సెంటరులో గర్భిణులందరి బీపీ 120/80 అని ఉంది. ఒక నెల కాదు, వరసగా. పొలం నుంచి గంప దించి వచ్చిన మనిషికీ, మంచం మీంచి లేచి వచ్చిన మనిషికీ ఒకటే బీపీ ఉండదు. నా మిషను సంచిలో వేసుకుని చెప్పకుండా వెళ్ళాను. అక్కడి ఏఎన్ఎం చిన్నపిల్ల, చేరి ఏడాది కాలేదు. ఆమె మిషను ఎప్పుడో పాడైంది. నా కోపమంతా దిగిపోయేదాకా విని, మెల్లిగా అంది:

"మిషను పాడైందని రాయటానికి గడి లేదు మేడం. ఖాళీగా వదిలేత్తే ముందుకు పోవట్లా."

ఆ అమ్మాయి చేసింది తప్పే. నాకు ఒక్క ఫోను చేయాల్సింది. అంకె వేస్తేగాని కదలని తెర తయారుచేసినవాళ్ళది కూడా తప్పే. ఆసుపత్రిలో ఎక్కడో వేరే మిషను ఉంటే తెప్పించి ఇచ్చాను. మా వాళ్ళందరికీ ఒక మాట చెప్పాను. ప్రతి పేజీ చివర "ఇతర వివరాలు" అని ఒక గడి ఉంటుంది. పైవాళ్ళు ఎవరూ చదవరని అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ రాయరు. నేను చదువుతాను, రాయండి అన్నాను. రాశారు. రిటైరయ్యాక ఆ గడి చదవలేకపోవడమే నాకు పెద్ద లోటు. "అత్త వింటోంది, మళ్ళీ అడగాలి" అని ఒకమ్మాయి రాసింది. "వాళ్ళాయన తాగొచ్చాడు, వచ్చేశాను" అని ఇంకొకామె. ఊళ్ళు నాకు ఆ గడిలోనే కనిపించేవి.

గుడారాలు

ఇక ఈరమ్మ సంగతి. ఇది నా ఉద్యోగంలో ఆఖరి మిరప కోతల నాటి మాట.

కోతలు మొదలవగానే ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి జనం లారీల్లో దిగుతారు. పిల్లాజెల్లా, కోళ్ళు, సట్టీలు అన్నీ తెచ్చుకుని చేల గట్ల మీద పట్టాలతో గుడారాలు వేసుకుంటారు. ఒక్కో ముఠాకు ఒక మేస్త్రి. పని మాట్లాడేది, ఒక చేను నుంచి ఇంకో చేనికి తీసుకెళ్ళేది అతనే. ఒక చేనులో కోత అయిపోతే తెల్లారేసరికి ముఠా ఇంకో ఊళ్ళో ఉంటుంది.

ట్యాబు అడిగేవి ఇంటి నంబరు, కుటుంబ పెద్ద, ఫోను నంబరు. గుడారానికి నంబరు లేదు. నాగమణి ఆలోచించి, చేను యజమానిని అడిగి ఆయన ఇంటి నంబరు వేసింది. వారం తిరక్కుండా ఆ రైతు నా దగ్గరికి వచ్చాడు. "ఏందమ్మా, మా కొంపలో నలభై మంది కాపరం ఉంటన్నట్టు ఎక్కిచ్చారంట. రేపు నా రేషను కార్డు పీకేత్తే మీరు పెడతారా బియ్యం?" అని నిలదీశాడు. దానికీ దీనికీ సంబంధం లేదని నచ్చజెప్పి పంపేసరికి మధ్యాహ్నమైంది.

ఇంటి నంబరు కంటే ఫోను నంబరుతో అసలు చిక్కు వచ్చింది. ముఠాలో ఏ ఆడమనిషిని అడిగినా మేస్త్రి హనుమంతు వైపు చెయ్యి చూపించింది. అందరి పనీ మాట్లాడే మనిషి అతనే కనక అందరి నంబరూ అతనిదే అని వాళ్ళ లెక్క. నమోదుకు ఓటీపీ కావాలి. హనుమంతు ఫోను పట్టుకుని నిలబడి ఒక్కొక్క ఓటీపీ గట్టిగా చదివాడు. అతనికి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. ఒక్క పూటలో నలభై మందీ ట్యాబులోకి ఎక్కారు. మీటింగులో నాగమణిని మెచ్చుకున్నారు. ఒకే నంబరు అన్నిసార్లు కనపడటం నాకు నచ్చలేదు. కానీ ఇంకో నంబరు లేదు కదా.

ఆ నలభై మందిలో ఈరమ్మ ఒకతె. సన్నటి పిల్ల, ఇరవై దాటి ఉండదు, ఏడో నెల. పిల్లలెంతమంది అని నాగమణి అడిగింది. లేరంది. పక్కన అత్త నిలబడి ఉంది. తొలిచూలు అని ట్యాబు రాసుకుంది. వారం తర్వాత పరీక్షకు వెళ్ళి బీపీ చూస్తే 150/100. కాళ్ళు నీరు పట్టి ఉన్నాయి. ట్యాబు తన పని తాను చేసింది. ఈరమ్మ పేరు ఎర్రబడింది. మర్నాడే డాక్టరుకు చూపించాలని నాగమణికి చెప్పింది, రిజిస్టరైన ఫోనుకు ఒక మెసేజీ కూడా పంపింది. నాగమణి నోటితో కూడా చెప్పింది, పొద్దున్నే రమ్మని.

మర్నాడు రాలేదు. ఆ పై రోజు నాగమణి చేను దగ్గరికి వెళితే గుడారాలు లేవు. పొయ్యిరాళ్ళు, కోడి ఈకలు, రాలిన మిరపకాయలు మిగిలాయి.

ఎర్ర గడి

ఆ రోజే జిల్లా నుంచి వీడియో సమీక్ష. మాట్లాడిన ఆఫీసరు చెడ్డవాడు కాదు. అడిగిన మందులు ఇప్పించేవాడు, సెలవులకు ఏడిపించేవాడు కాదు. ఆయన పైన కూడా ఇంకొకరి స్క్రీను ఉంది, అంతే. మా వైపు ఎర్ర గడి ఎందుకుందని అడిగారు. మనిషి దొరకలేదని చెప్పాను.

"దొరకకపోతే వలస వెళ్ళారని పెట్టేయండమ్మా. సాయంత్రానికి ఎరుపు కనపడకూడదు" అన్నారు.

ఆ మీట నొక్కితే ఏమవుతుందో కొత్తవాళ్ళకు చెప్తాను. పేరు మన జాబితాలోంచి పోతుంది. ఎక్కడో ఒక ఏఎన్ఎం వెతికి తన జాబితాలోకి తీసుకునేదాకా అది ఎవరి జాబితాలోనూ ఉండదు. రెండు ఊళ్ళ అవతల చేనులో ఉన్న ఈరమ్మను ఎవరు వెతుకుతారు? ఏడో నెలలో ఆ బీపీ, ఆ నీరు ఉన్న మనిషికి ఏ రోజైనా ఫిట్స్ రావచ్చు. వస్తే తల్లీబిడ్డా ఇద్దరూ పోవచ్చు.

నాగమణి బొటనవేలు ఆ మీట మీదే ఉంది. "నొక్కనా మేడం?" అంది.

"చెయ్యి తియ్యి. ముందు మనిషిని చూద్దాం" అన్నాను.

హనుమంతు ఫోను ఆపేసి ఉంది. ముఠా ఎక్కడికి పోయిందో రైతుకు తెలియదు. ఎక్కడున్నా తింటారు కదా అని నాకు తోచింది. గురజాల బజారులో ముఠాలకు సరుకులిచ్చే షావుకారు ఒకాయన ఉన్నాడు. మేస్త్రులు చీటీ పంపిస్తే ఆయన ఆటో చేను దగ్గరికే బియ్యం చేరుస్తుంది. వెళ్ళి అడిగాను. తలెత్తకుండానే చెప్పాడు.

"హనుమంతు ముఠానా? రెంటచింతల అవతలున్నారు. నిన్ననే రెండు బస్తాలు పంపిచ్చా." అప్పుడు తలెత్తి నాగమణి చేతిలో ట్యాబు చూశాడు. "అంత పెద్ద ఫోనుకి దొరకలేదా సిస్టర్ గారూ? మా ఆటోవాడికి ఎప్పుడో దొరికారే."

నాగమణి ముఖం మాడ్చుకుంది. నేను దణ్ణం పెట్టి ఆటోవాడి నంబరు తీసుకున్నాను.

రెంటచింతల చేలో

నాగమణి స్కూటీ మీద వెళ్ళాం. రెంటచింతల ఎండ మా వైపువాళ్ళకు చెప్పక్కర్లేదు. చేను కనపడక ముందే మిరప ఘాటుకు తుమ్ములు మొదలయ్యాయి. మమ్మల్ని చూడగానే హనుమంతు ఎదురొచ్చాడు, ఫిర్యాదుతో.

"మేడం, ముందు నా ఫోను సంగతి సూడండి. దినామూ మోగుతాది. ఎత్తితే ఒకామె మాట్లాడతాది. మీకు ఏడో నెల, బరువులు ఎత్తొద్దు, ఐరను మాత్ర మింగమంటాది. ఇంగో దినం నాలుగో నెలంటాది. నాకెన్ని నెలలో మీరే సెప్పండి. ఆడోళ్ళంతా నవ్వి సస్తాండారు. అందుకే ఆపిపెట్టినా."

సాళ్ళలో ఉన్న ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "మేస్త్రికి పుల్లటి సింతకాయ తెచ్చియ్యండమ్మా" అని ఒకామె కేకేసింది. నాగమణి కూడా నవ్వింది. నేను కూడా నవ్వాను. ఫోను తెరిపించి చూస్తే ఈరమ్మను వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకురమ్మన్న మెసేజీ చదవకుండా అలాగే ఉంది. మాట్లాడే ఫోను అతన్ని విసిగించింది. అవసరమైన ముక్క మాత్రం అక్షరాల్లో వచ్చింది.

ఈరమ్మ ట్రాక్టరు నీడన తలకు గుడ్డ బిగించుకుని కూర్చుని ఉంది. వెలుతురు చూడలేకపోతోంది. బీపీ 160/110. అత్తను మంచినీళ్ళు తెమ్మని పంపించాను. అత్త దూరం వెళ్ళాక, పిల్లలెంతమంది అని కాకుండా, ఇది ఎన్నో కానుపు అని అడిగాను.

"రెండోది."

"మొదటిది?"

నేల చూస్తూ చెప్పింది. "పుట్టె గానీ ఏడ్సలేదమ్మా."

అప్పుడు కూడా ఇలాగే తలనొప్పి, ఆ తర్వాత ఫిట్స్. కడుపుతో ఉన్నప్పుడు పోయిన బిడ్డ మాట ఎత్తకూడదని వాళ్ళ ఇళ్ళలో నియమం. అందుకే నాగమణికి లేరని చెప్పింది. అబద్ధం చెప్పలేదు. పిల్లలెంతమంది అని అడిగితే లేరు అన్నదే సరైన జవాబు. ఎన్నో కానుపు అని అడగండి. పక్కన ఎవరూ లేనప్పుడు అడగండి. ఈ వ్యాసంలో ఇంకేమీ గుర్తుండకపోయినా ఈ రెండూ గుర్తుంటే చాలు.

అత్త నీళ్ళతో రాగానే, నరసరావుపేట పెద్దాసుపత్రికి పంపాలన్నాను. అత్తేమో, ఈ కోత అయిపోనిస్తే ఊరికి పోయి అక్కడే కానుపు చేసుకుంటామంది. ఈరమ్మ మొగుడు సాలులోంచి వచ్చి పక్కన కూర్చున్నాడు. మొండికేసింది ఈరమ్మే. నొప్పికి భయపడి కాదు.

"నా మనిషికి ఫోను లేదు. వీళ్ళు రేపు ఇంగో సేనికి పోతారు. నన్ను నర్సరావుపేటలో యాడో ఏస్తే, నేను బతికిండానో సచ్చిండానో వీళ్ళకెవరు సెప్తారమ్మా?"

ఈ ప్రశ్నకు ట్యాబులో గడి లేదు. నేను నాగమణి చేతిలోంచి ట్యాబు తీసుకుని, మేస్త్రి నంబరు చెరిపి నా సొంత నంబరు వేశాను. సిగ్నలు కోసం నాగమణి ట్యాబు పట్టుకుని ట్రాక్టరు ఎక్కింది. ఓటీపీ నా ఫోనుకు వచ్చింది. కింద నుంచి నేను చదివాను, పైనుంచి ఆమె నొక్కింది. "ఇక నీ కబురు ఏదొచ్చినా నాకొస్తుంది. నీ మొగుడు ఏ చేలో ఉన్నాడో షావుకారు ఆటోవాడికి తెలుసు. వాడితో నేను చెప్పి పంపిస్తాను" అన్నాను. 108 వచ్చేసరికి ఆమె తనంతట తానే లేచి నిలబడింది.

పది అంకెలు

నరసరావుపేట పెద్దాసుపత్రిలో కొన్నాళ్ళు మందులతో బీపీ పట్టి ఉంచి, ఇక ఆగకూడదని ఆపరేషను చేశారు. ఆడపిల్ల. రెండు కేజీలు లేదు. సన్నగా, ఆలస్యంగా ఏడ్చిందని నర్సు చెప్పింది. వెళ్ళి చూస్తే ఈరమ్మ ఆ మాటే పట్టుకుని కూర్చుంది.

"ఏడ్సిందంట. నేను మత్తులో ఉంటి. ఇనలేదమ్మా."

బిడ్డను వెచ్చటి గదిలో పెట్టారు. ఆ రోజుల్లో సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి వచ్చేదాన్ని. ఈరమ్మకు రాయడం రాదు. కార్డు పోవచ్చు, తడవవచ్చు. అందుకని నా నంబరు నోటికి నేర్పాను. పది అంకెలు ఒక్క వరసన పట్టుబడలేదు. మిరపకాయల తట్టలు పోసేటప్పుడు వాళ్ళు ఒక రాగంతో లెక్క పాడతారు. ఆ రాగంలో పెట్టుకుంది. వార్డులో పక్క మంచాలవాళ్ళకు కూడా నా నంబరు వచ్చేసింది. "ఏ ఊళ్ళో సూది వేయించినా ఫోను నంబరు అడుగుతారు. మేస్త్రిది చెప్పకు. ఇది పాడు" అన్నాను.

మన నంబరు వాళ్ళ గడిలో వేయకూడదు. నియమం అది, నియమం సరైనదే. పదిమందికి వేస్తే మీరూ హనుమంతు అయిపోతారు. నంబరు తీసుకునేటప్పుడు అది ఎవరిది అని ఆగిపోకండి. పగలు ఎవరి చేతిలో ఉంటుంది, వచ్చింది ఎవరు చదివిపెడతారు అని కూడా అడగండి.

ఆరు వారాల టీకా మా దగ్గరే వేశాం. కోతలు అయిపోయాయి. ముఠా లారీ ఎక్కింది. అప్పుడు నాగమణి "వలస వెళ్ళారు" అన్న మీట నొక్కింది. ఈసారి అది నిజం. నేను పక్కనే ఉన్నాను. ఆ నెలాఖరుకే నా ఉద్యోగం కూడా అయిపోయింది. ట్యాబు, చార్జరు, బీపీ మిషను లెక్కగా అప్పగించి సంతకం పెట్టించుకున్నాను. మర్నాటి నుంచి నా లాగిన్ తెరుచుకోలేదు. తీసేస్తారని తెలుసు. అయినా ఒకసారి ప్రయత్నించాను.

నా ఫోనుకు వచ్చిన మెసేజీలు

మా చెల్లెలి కూతురు సుజన బ్యాంకులో పనిచేస్తుంది. ఒక ఆదివారం నా ఫోను తీసి చూసి, ఇల్లంతా వినపడేలా చదివింది. "పెద్దమ్మా, మీ పాపకు పది వారాలు నిండాయంట. టీకా వేయిచ్చమంటన్నారు. మాకు ఒక్క మాట చెప్పలేదేంది?" అందరూ నవ్వారు. పెళ్ళి చేసుకోనిదాన్ని, వాళ్ళకు అదింకా నవ్వు. నాకు హనుమంతు గుర్తొచ్చాడు.

టీకా వేస్తే, వేసినట్టు ఇంకో మెసేజీ రావాలి. రాలేదు. పద్నాలుగు వారాలకూ గుర్తుచేశారు. వేసినట్టు రాలేదు. మూడు సంగతులు అయి ఉండవచ్చునని లెక్కవేసుకున్నాను. వేయించి ఉండకపోవచ్చు. వేసినా వేరే నంబరు మీద ఎక్కించి ఉండవచ్చు. మూడోది నేను అనుకోదలచుకోలేదు. హనుమంతు నంబరు వాడుకలో లేదంది.

పత్తి తీతలకు మళ్ళీ జనం రావడం మొదలైంది. సాయంత్రాలు నడక పేరు చెప్పి స్టేషనుకు వెళ్ళేదాన్ని. గుంతకల్లు వైపు నుంచి వచ్చే రైలు దిగి మూటలతో కూర్చున్నవాళ్ళ దగ్గరికి పోయి, ఆదోని వైపేనా అని అడిగేదాన్ని. అవునంటే ఈరమ్మ తెలుసా అనేదాన్ని. "ఏ ఈరమ్మ అవ్వా? మా ఊర్లోనే ఇంటికొక ఈరమ్మ ఉంటాది" అని ఒక ముసలాయన బీడీ తీసి నవ్వాడు. ఇంటిపేరు చెప్పాను, మేస్త్రి పేరు చెప్పాను. ఆయనకు తెలియదు. అయినా కాసేపు కూర్చున్నాను. వాళ్ళ పిల్లల దండచేతులు చూసుకుంటూ, ఎవరు బక్కగా ఉన్నారో చూసుకుంటూ. ఒక తల్లి అనుమానంగా బిడ్డను వెనక్కి లాక్కుంది. నా మెడలో ఐడీ కార్డు లేదు మరి.

తొమ్మిది నెలల టీకాకు గుర్తుచేసే మెసేజీ వచ్చింది. ఆ తర్వాత కొన్నాళ్ళకు, అన్నాలు తింటుండగా, ఫోనుకు ఒక ఓటీపీ వచ్చింది. నేనేమీ నొక్కలేదు. సుజన చూసి, "ముట్టుకోబాక పెద్దమ్మా, దొంగలు" అంది. వెంటనే తెలియని నంబరు నుంచి ఫోను.

"అమ్మా, ఏఎన్ఎంను మాట్లాడతాన్నా. మీ ఫోనుకు ఓటీపీ వచ్చింటాది, సెప్తారా?"

సుజన చేతులూపుతూ పెట్టేయమంటోంది. రోజూ బ్యాంకులో ఇవే ఏడుపులు వినే పిల్ల.

"పాప పుట్టిన తేదీ చెప్పు ముందు" అన్నాను.

కార్డు చూసి చెప్పింది. సరిపోయింది.

"పుట్టినప్పటి బరువు?"

అదీ చెప్పింది. గ్రాములతో సహా సరిపోయింది. ఓటీపీ అంకెలు చదివాను. తప్పు పోకుండా రెండోసారి చదివాను. సుజన తల పట్టుకుంది.

పది, పద్నాలుగు వారాలవి ఏమయ్యాయని అడిగాను. అక్కడ అంతకుముందున్న ఏఎన్ఎం వేసిందట. కార్డులో రాసిందట. అప్పటికి ఆ ఊరికి టవరు రాలేదు, ఫోనులో ఎక్కలేదట. ఫోనులో ఉన్నంత మాత్రాన జరిగినట్టు కాదని నా సర్వీసంతా మా పిల్లలకు చెప్తూ వచ్చాను. ఫోనులో లేనంత మాత్రాన జరగనట్టు కాదని నాకు ఆ మధ్యాహ్నం తెలిసింది.

"పాప పేరు మార్చల్ల. ఈరమ్మ బేబీ అనే ఉండాది. సుంకులమ్మ అని పెట్టుకున్నారు" అంది ఆ అమ్మాయి. తర్వాత కొంచెం తటపటాయించి, "ఈమె నంబరు సెప్పమంటే పాట పాడతాదమ్మా. మీరు వీళ్ళకేమైతారు?" అంది.

"నీ పనే చేసేదాన్ని. ఇప్పుడు బరువెంతుంది?"

చెప్పింది. వయసుకు కాస్త తక్కువే, కానీ బరువు చాలదని తేల్చే గీతకు పైనే ఉంది.

"ఫోను పెట్టేయకమ్మా. సూది వేసేదాకా అక్కడే ఉంచు" అన్నాను.

బల్ల మీద పెట్టినట్టుంది. ఏదో డబ్బా మూత చప్పుడు, కోడి అరుపు, ఎవరో ఆడమనిషి కాలు పట్టుకోమని చెప్పడం వినిపించాయి. ఆ తర్వాత పాప ఏడ్చింది. ఊపిరి బిగబట్టి, ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఇంకా గట్టిగా ఎత్తుకుంది. సుజన కూడా కంచం ముందు కదలకుండా కూర్చుంది.

ఎవరో ఫోను చేతిలోకి తీసుకున్నారు.

"ఇన్నావామ్మా?" అంది ఈరమ్మ.

విన్నానన్నాను.